చెలమ నీళ్లు ఏ రాష్ట్రానివి?

నదులు కొండల్లో పుట్టి సముద్రంలో కలుస్తాయన్నది పాత భూగోళం. కొత్త భూగోళం ప్రకారం అవి కొండల్లో పుట్టి ఫైళ్లలో ఇంకిపోతాయి. హిమాలయాల నుంచి దిగే నదులు ఏకంగా దేశాల సరిహద్దులే దాటేస్తాయంటారు. దాటవూ మరి! వాటి దారిలో కుప్పం లేదు కదా.

మా పాలారు కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, కుప్పం పక్కన కాస్త నడిచి, తమిళనాడులోకి పోతుంది. (పోతుందన్నది మర్యాదకు. రెండువేల మూడు ఎండాకాలంలో పోయింది ఇసుక ఒక్కటే, అదీ లారీల్లో.)

ఆ ఎండాకాలం ఏటిగట్టు రైతు గంగులప్ప బోరు ఎండిపోయింది. ఇంట్లో పట్టుపురుగులు మేత మీదున్నాయి, చేలో మల్బరీ ఆకు వాడిపోతోంది. తాతల నాటి పద్ధతిలో ఏట్లో ఇసుక తోడి చెలమ తీశాడు. మోకాలిలోతు నీళ్లు ఊరాయి. భార్య యశోదమ్మ పసుపు కుంకుమ వేసి దండం పెట్టింది. మరుసటి రోజే జీపు వచ్చింది.

దిగినవారు సుబ్రహ్మణ్యంగారు, మదనపల్లె నదీ ప్రయాణ పర్యవేక్షణ విభాగం అధికారి. (అలాంటి విభాగం ఒకటుందని అప్పటిదాకా నదికి కూడా తెలియదు.)

"ఈ నీళ్లు యాడివప్పా?"

"ఏట్లోవి సార్."

"పుట్టింది ఒక రాష్ట్రంలో, పోయేది ఇంకో రాష్ట్రానికి. ఇవి ప్రయాణంలో ఉండే నీళ్లు. మధ్యలో దించుకోకూడదు."

"యాడికీ పోలేదు కద సార్, ఈడనే ఉండాయి!"

"ఆగినాయి, అంతే. బస్సు ఆగిందని సీటు నీదవుతాదా?"

ఏ రాష్ట్రం వాటా ఎంతో తేల్చడానికి సీసాడు నీళ్లు పట్టి మదనపల్లెకు పంపారు. తేలేదాకా మిగిలిన నీళ్లు యథాస్థితిలో ఉండాలి కాబట్టి చెలమను గంగులప్ప చేతనే ఇసుకతో పూడ్పించారు. పుంగనూరు దగ్గర జీపు వేడెక్కింది. రేడియేటర్‌లో పోయడానికి డ్రైవర్ చేతిలో ఉన్నవి ఆ సీసా నీళ్లే. (పాలారు పుంగనూరు దాకా వచ్చి ఆవిరైందని విభాగం నమోదు చేసింది.)

గంగులప్ప మదనపల్లె వెళ్లి చేతులు జోడించాడు. "పురుగులు నాలుగో జ్వరం లేసి పొర ఇడిసినాయి సార్. ఇంగ వారం మేస్తే గూడు కడతాయి. ఆకు లేకుంటే సచ్చిపోతాయి. మా బతుకంతా ఆ తట్టల్లోనే ఉండాది."

"తొందరపడితే ఎట్లప్పా? నదే ఓపిగ్గా ఉండాది, సూడు."

పురుగులకు అంత ఓపిక లేకపోయింది. సుబ్రహ్మణ్యంగారు ఈసారి వచ్చినప్పుడు యశోదమ్మ తట్టలు మోసుకొచ్చి జీపు ముందు దించింది. "సూడండి సార్" అంది. ఆయన కళ్లజోడు సవరించుకుని ఒక్కో తట్టా ఓపిగ్గా పరిశీలించారు.

"ఇవి పుట్టిందీ సచ్చిందీ మన రాష్ట్రంలోనే కదమ్మా?"

"అవును సార్."

"అయితే ఏ వివాదమూ లేదు" అని జీపెక్కారు.