కోపంతో రాసిన జావా

మీరు నవ్వండి, మీకేం పోయింది? నాకు ఒళ్ళు మండిపోతోంది.

కిరండూల్ గనుల టౌన్‌షిప్‌లో కంప్యూటర్ సెక్షన్ నాది. క్లబ్బు వంటగది తీసుకుని షిఫ్టు వాళ్ళకి టిఫిన్లు పెట్టాలని మా ఆవిడ సూర్యకాంతం కోరిక. క్లబ్బు సెక్రటరీ మెలిక పెట్టాడు: విశ్వకర్మ పూజ నాటికి ఆర్డర్లు తీసుకునే వెబ్‌సైట్ ఉంటేనే వంటగది ఆవిడకి, లేకపోతే జగదల్‌పూర్ హోటలువాడికి.

"మీరుండగా నాకేం భయం!" అంది సూర్యకాంతం.

భయం నాకు! తెల్లవారుజామునే లేచి పిండి రుబ్బేదెవరు? అందుకని ఓ ఎత్తు వేశాను. ఏ కంప్యూటర్ భాషలో రాయాలో తేలకపోతే సైటు పుట్టదు. పూజ రోజున మా దగ్గర గనిలో ఖనిజం మోసే డంపరు నుంచి ఇంట్లో కుట్టుమిషను దాకా యంత్రాలన్నింటికీ బొట్టు పెడతారు. ఆ రోజంతా ఎవరూ ముట్టరు. అందాకా వాదిస్తే చాలు.

వాదనకి మా సెక్షన్ అప్పలకొండని ఇంటికి పిలిచాను.

"పీహెచ్‌పీలో రాసీండి గురూగారూ, రెండు పూటల పని" అన్నాడు పెసరట్టు తుంచుతూ.

"అదీ ఒక భాషేనా? ఏది పడితే అది కలిపేసే చిత్రాన్నం! జావాకి పద్ధతుంది. ఇది ఇడ్లీ, ఇది సంఖ్య అని ముందే చెప్పాలి."

"మీరు చెప్పీసరికి ఇడ్లీ పాసిపోద్ది."

"పోనీ అందరూ అనే ఆ పైథానో?" అంది సూర్యకాంతం.

"రాసిన వరస కాస్త పక్కకి జరిగితే అలుగుతుంది, మీ పుట్టింటివాళ్ళలా."

"ఇంతకీ వీటిలో ఇడ్లీ ఆర్డరు తీసుకునేదేది?"

"మూడూ తీసుకుంటాయి."

"మరి ఈ గొంతులు చించుకోవడం దేనికండీ?"

నీకు తెలీదులెమ్మని అరిచాను. అప్పలకొండ రోజూ వచ్చాడు, రోజూ పెసరట్టు తిన్నాడు, రోజూ జావాని తిట్టాడు. ఓ రోజు, "మీ వల్ల కాదు గురూగారూ. నా పీహెచ్‌పీ సగం అయిపోనాది. పూజకి ముందే మీ ఇంటి కంప్యూటర్లో ఎక్కించీస్తాను" అన్నాడు.

వాడి పీహెచ్‌పీ నా ఇంట్లోనా! ఎత్తూ లేదు, గిత్తూ లేదు, అన్నీ మర్చిపోయాను. సెలవు పెట్టి, పళ్ళు నూరుకుంటూ జావాలో రాశాను. పూజ ముందురోజుకి ఇంటి కంప్యూటర్ మీదే సైటు నడిచింది.

మర్నాడు పూజ పందిట్లో వాడి చొక్కా పట్టుకున్నాను. "ఏదిరా నీ పీహెచ్‌పీ?"

"నానేటి రాసాను? ఒక్క ముక్క లేదు. మిమ్మల్ని రెచ్చగొట్టమని సూర్యకాంతమక్కే సెప్పింది."

ఇంటికి పరిగెత్తాను. "పీకేస్తాను! సైటు పీకి పారేస్తాను!"

కంప్యూటర్‌కి కుంకుమ బొట్టు, బంతిపూల దండ. పక్కనే ఫోను పట్టుకుని సూర్యకాంతం.

"పూజ చేసిన యంత్రం. ముట్టుకోండి, చూస్తాను!"

చెయ్యి ఆగిపోయింది. "మోసం!" అన్నాను.

"ఎవరిది మోసం? పొయ్యి కొనమంటే పొయ్యిల రకాల మీద ఏడాది ఉపన్యాసం చెప్పారు. ఇప్పుడు నా వంటగదిని వాదించి చంపుదామనుకున్నారు. నాకు తెలీదనుకున్నారా?" ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు సిగ్గేసింది, అయినా కోపం తగ్గలేదు. సాయంత్రం సెక్రటరీ ఫోనులో సైటు చూసుకుని వంటగది తాళం ఆవిడ చేతికిచ్చాడు.

మర్నాడు మొదటి ఆర్డరు అప్పలకొండది. పెసరట్టు, ఇంటికే తెచ్చివ్వాలట. పిండి రుబ్బింది నేను, మోసుకెళ్ళిందీ నేనే.

వాడు తలుపు తీసి పళ్ళికిలించాడు. "జావా బాగా పనిసేస్తంది గురూగారూ!"