మంచె మీది గొంతు

ఆ రోజు పొద్దున్నే అంతయ్య తలకు నూనె రాసుకుని, ఉతికిన అంగీ తొడుక్కుని, చెన్నూరు దాకా పోయి వస్తానని భార్య కిష్టవ్వకు చెప్పాడు. ఎందుకని ఆమె అడగకముందే కోతుల కోసమన్నాడు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పే మొగుణ్ణి ఏ పెళ్లామైనా అనుమానిస్తుంది. కానీ ఆ ఊళ్లో కోతుల పేరెత్తితే ఎంత పెద్ద అబద్ధమైనా ఇట్టే గడప దాటిపోతుంది.

కోతులు అలాంటివి మరి. కిందటేడు అంతయ్య మక్కజొన్న చేనును అవి సగానికి పైగా ఊడ్చుకుపోయాయి. ఈసారి కంకులు పాలు పోసుకుంటున్నాయి. ఈ పంట కూడా పోతే ఏడాదంతా ఎవరి చేలోనో కూలికి వంగాల్సిందే. టపాకాయలు కాల్చి చూశాడు. పులి బొమ్మ ఉన్న ఫ్లెక్సీ కట్టి చూశాడు. కోతులు ఆ పులి నీడలోనే చల్లగా కూర్చుని కంకులు ఒలుచుకున్నాయి. ఇక మిగిలింది ఒక్కటే. చెన్నూరులో పాటల డబ్బాలు అమ్ముతున్నారు, అందులో మన గొంతు కూడా పట్టి పెట్టుకోవచ్చు, మంచె మీద పెడితే పొద్దంతా అదే అరుస్తుంది. అంతయ్య ఈ మాటే కిష్టవ్వకు చెప్పాడు. ఇది నిజమే, కాకపోతే సగం నిజం.

మిగతా సగం పాటలు. ఒకనాడు బస్సులో పక్క సీటు మనిషి అరచేతిలో అగ్గిపెట్టెంత డబ్బా పట్టుకుని పాటలు వింటుంటే, అంతయ్య కూడా వింటూ వింటూ దిగాల్సిన ఊరు దాటిపోయాడు. వయసులో ఉన్నప్పుడు అతను చిరుతలనే చేతి చెక్కలు వాయిస్తూ ఆడే భజనలో ముందు వరసలో ఎగిరినవాడు. ఇప్పుడు ఆ బృందంలో సగం మంది దుబాయిలో ఉన్నారు, కొందరు కాటికి పోయారు. అంతయ్య చెవులకు మిగిలింది ఒక్క కిష్టవ్వ గొంతే. అది చిన్న గొంతు కాదు. వాగు ఈవలి ఒడ్డున ఆమె పిలిస్తే ఆవలి ఒడ్డున మేసే వేరేవాళ్ల బర్రెలు కూడా తలెత్తి చూసేవి.

చెన్నూరులో ఓంప్రకాశ్ సేటు దుకాణంలో అంతయ్య ముందు రకరకాల డబ్బాలు పరిచారు. ముందుగా ఒక చిన్నదాని తీగలు చెవుల్లో పెట్టించుకున్నాడు. పాట మొదలవగానే గిర్రున వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. పాట తన తల లోపలే మోగుతోంది. దుకాణం ముందు నిలబడి కళ్లు మూసుకున్నాడు. సేటు రెండుసార్లు పిలిచినా వినిపించలేదు. అదే కావాలని మనసు కొట్టుకుంది కానీ, చెవిలో పెట్టుకునేది కోతులను ఎలా తరుముతుంది? తాను చెప్పిన అబద్ధమే అతని చెయ్యి పట్టి వెనక్కి లాగింది. చివరికి అరచేతిలో పట్టేంత, గట్టిగా మోగే డబ్బా ఒకటి ఏరుకున్నాడు.

సేటు దోసగింజంత ముక్క ఒకటి తీసి చూపించి, ఇందులో వేల పాటలు పడతాయన్నాడు. భజన పాటలన్నీ ఎక్కించమన్నాడు అంతయ్య. ఎక్కించకముందు డబ్బాను అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. ఎక్కించాక మళ్లీ చూశాడు. అతని మొహంలో రంగులు మారాయి.

"పాటలన్ని ఎక్కినయా సేటూ? మరి బరువు గంతే ఉన్నదేంది?"

ఓంప్రకాశ్ ఎన్నో ఏళ్లుగా వీటిని అమ్ముతున్నాడు. ఈ సంగతి అతనికి ఎన్నడూ తట్టలేదు. తానూ డబ్బాను అరచేతిలో పెట్టుకుని చూశాడు. అన్ని గొంతులు, అన్ని మద్దెలలు, అన్ని తాళాలు లోపలికి పోయినా గోరంత బరువు పెరగకపోవడం తలుచుకుంటే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. ఆ తర్వాత సేటు తేరుకుని మీటలు చూపించాడు. ఎర్రది నొక్కితే గొంతు పడుతుంది. దాని పక్కది నొక్కితే ఒక్కటే మళ్లీ మళ్లీ మోగుతుంది. చివరిది నొక్కితే లోపల ఉన్నవన్నీ వరస లేకుండా ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి.

ఇంటికి రాగానే అంతయ్య ముందు తన గొంతే పట్టాడు. గట్టిగా అరిచి, మళ్లీ పెట్టి వినిపించాడు. ఆ అరుపు విని వాకిట్లోని కోళ్లు గింజలు చల్లుతున్నారనుకుని పరుగెత్తుకొచ్చాయి. కిష్టవ్వ ముక్కున వేలేసుకుని, నీతో కాదు, నాకియ్యి అంది. డబ్బా ముందు కూర్చుంది. మాట రాలేదు. గొంతు సవరించుకుంది. అయినా రాలేదు. ఎదురుగా కోతి లేకుండా కోతిని తిట్టడం అంత తేలిక కాదు. చుట్టూ ఒకసారి చూసింది. అంతయ్య డబ్బా మీద వెలుగుతున్న ఎర్ర దీపాన్నే కళ్లార్పకుండా చూస్తున్నాడు. అప్పుడు కిష్టవ్వ నోరు తెరిచింది.

"ఓ సిగ్గులేనోడా, కష్టం ఒకలది, తిండి నీదా? పొద్దుగాల లేస్తవు, ఒళ్లు గోక్కుంటవు, కూసుంటవు. సగం తింటవు, సగం పారేస్తవు. ఎన్నడన్న ఒక్క గడ్డిపోచ పీకినవా? నీతోటి నా పానం ఇసిగిపోయింది. పో, మల్ల నా కంట్ల పడకు!"

అంతయ్య మీట నొక్కి వినిపించాడు. ఆ చిన్న డబ్బాలోంచి కిష్టవ్వ నిలువెత్తున బయటికి వచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా వింటున్న గొంతే, కానీ ఆమె మూసిన నోటితో ఎదురుగా కూర్చుని ఉండగా వినడం అదే మొదలు. అతనికి చేతులెత్తి మొక్కాలనిపించింది. కోతులకు ఇంతకంటే సరిపోయే మాటలు దేశంలో ఎవరూ అనలేరనుకున్నాడు.

మరునాడు ఊరు లేవకముందే కిష్టవ్వ సకినాల డబ్బా సంచిలో పెట్టుకుని, మంచిర్యాల హాస్టల్లో చదువుకుంటున్న బిడ్డ నవనీతను చూడటానికి మొదటి బస్సులో వెళ్లిపోయింది. అంతయ్య పాటల డబ్బాను మంచెకు కట్టి, ఒక్కటే మళ్లీ మళ్లీ మోగే మీట నొక్కాడు. మొదటి తిట్టుకే కోతుల మంద ఆగిపోయింది. రెండో తిట్టుకు పెద్ద కోతి నోట్లో ఉన్న కంకిని జారవిడిచింది. మూడోదానికి తల్లులు పిల్లలను పొట్టకు కరుచుకుని అడవి దారి పట్టాయి. అంతయ్య మంచె మీద నోరు తెరుచుకుని చూశాడు. పులి చేయలేని పని అది.

ఇక్కడ ఆ ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. అక్కడ పెళ్లయిన ఆడది మొగుడి పేరు నోటితో పలకదు. అందువల్ల పేరు పెట్టి తిడితే పక్కింటివాళ్లను, పేరు లేకుండా తిడితే మొగుణ్ణి. ఇది ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. చేను పక్క బాట వెంట పత్తి ఏరడానికి పోతున్న యాదవ్వ కిష్టవ్వ గొంతు విని ఆగింది. అందులో పేరు లేదు. పాపం అంతయ్య అనుకుని నడిచింది. కూలి ముగించుకుని తిరిగి వచ్చేటప్పుడు కూడా అవే తిట్లు, అదే జోరు. ఇది మామూలు లొల్లి కాదని యాదవ్వకు గుబులు పుట్టింది. ఊళ్లో పంచాయతీలు చెప్పే పెద్దమనిషి సదానందానికి, చెన్నూరులో ఉండే కిష్టవ్వ తమ్ముడు కైలాసానికి కబురు చేరింది. చేరేసరికి అది కొంచెం పెరిగింది కూడా. అంతయ్య చెన్నూరు నుంచి ఏదో తెచ్చి దాచాడట, దాని గురించే గొడవట.

పొద్దు వాలేసరికి బాట మీద చిన్న గుంపు తయారైంది. చేలోకి అడుగుపెట్టే ధైర్యం ఎవరికీ లేదు. అన్న మాటే మళ్లీ మళ్లీ అంటోందేమిటని ఒకరు అన్నారు. సదానందం ఆ అనుమానాన్ని అక్కడే కొట్టిపారేశాడు. ఇంట్లో పెళ్లాం ఉన్నవాళ్లెవరూ ఆ ప్రశ్న అడగరన్నాడు. అప్పటికి కైలాసం కూడా బండి మీద వచ్చి దిగాడు. అక్క గొంతు వినగానే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత బాధ పెట్టుకుని ఒక్కనాడూ నాతో చెప్పుకోలేదే అన్నాడు.

మంచె మీద అంతయ్యకు ఇదేమీ తెలియదు. మధ్యాహ్నం నుంచి ఒక్క కోతి కూడా కనిపించలేదు. పొద్దంతా తిట్లు విన్న చెవులు పాట కోసం తహతహలాడాయి. ఇక ఫరవాలేదనుకుని చివరి మీట నొక్కాడు.

బాట మీద ఉన్నవాళ్లకు వినిపించింది ఇది: "నీతోటి నా పానం" అంటూ కిష్టవ్వ గొంతు ఉన్నట్టుండి తెగిపోయింది. చేనంతా నిశ్శబ్దం. ఆ వెంటనే మద్దెల, చిరుతలు, హుషారైన భజన పాట. దాంతో పాటు అంతయ్య గొంతు కలిపి పాడుతున్నాడు.

యాదవ్వ గుండెలు బాదుకుంది. కైలాసం మక్కలు తొక్కుకుంటూ పరుగెత్తాడు. గుంపంతా అతని వెనకే. మంచె మీద కాలు మీద కాలు వేసుకుని తాళం వేస్తున్న అంతయ్యను కిందికి లాగారు.

"ఏది బావా మా అక్క?" అన్నాడు కైలాసం.

"మంచిర్యాల పోయింది" అన్నాడు అంతయ్య.

ఇప్పుడే ఇక్కడ మాట్లాడిన మనిషి అంతలోనే మంచిర్యాల ఎలా పోతుందని సదానందం అడిగాడు. అది డబ్బా మాట్లాడిందన్నాడు అంతయ్య. వినిపించమన్నారు. అంతయ్య ఏ మీట నొక్కినా భజనే వచ్చింది. ఒకటి అయిపోతే ఇంకొకటి, అది అయిపోతే మరొకటి. లోపల వేల పాటలున్నాయి, కిష్టవ్వ ఒక్కతే ఉంది. ఆమెకు ఫోన్ చేయమన్నారు. చేస్తే ఫోన్ అంతయ్య జేబులోనే మోగింది, ఇంటికి ఉన్నది అదొక్కటే. నవనీతకు చేస్తే ఎత్తలేదు. ఎవరో చేను చివర ఉన్న బావి మాట ఎత్తారు. కైలాసం బావి గట్టు మీద వంగి, లోపలికి అక్కా అని పిలిచాడు. అందరూ వంగి చూశారు. అంత మంది అంత నమ్మకంగా చూస్తుంటే అంతయ్యకు కూడా భయం పట్టుకుంది. పొద్దున తానే బస్సెక్కించిన మనిషి కోసం అతను కూడా బావిలోకి తొంగి చూశాడు. కిష్టవ్వ లేని ఇల్లు ఒక్క క్షణం కళ్ల ముందు మెదిలింది. గట్టు మీద కూలబడ్డాడు.

మనుషులంతా బావి చుట్టూ చేరేసరికి కోతులు సందు చూసుకుని మళ్లీ చేలో దిగాయి. కంకులు విరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరికీ పట్టలేదు. సరిగ్గా అప్పుడు మంచె మీద భజన ఆగింది.

"ఓ సిగ్గులేనోడా!"

కోతులు ఒక్క ఊపున అడవిలోకి దూకాయి. చిన్నప్పటి నుంచి ఆ గొంతుకు అలవాటుపడ్డ కైలాసం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కూలబడిన అంతయ్య తనకు తెలియకుండానే లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. కిష్టవ్వ ఎక్కడా లేదు, కిష్టవ్వ గొంతు మాత్రం చేనంతా నిండి ఉంది. యాదవ్వ డబ్బా వైపు తిరిగి దండం పెట్టింది.

అంతలో బస్సు దిగి బాట వెంట వస్తున్న అసలు కిష్టవ్వ, చేలో ఊరంతా ఉండటం చూసి గాబరాగా వచ్చింది. కైలాసం ఆమె చెయ్యి పట్టుకుని వదలలేదు. జరిగిందంతా తలా ఒక ముక్క చెప్పారు. ఆమె డబ్బాను చూసింది, తొక్కేసిన మక్కలను చూసింది, చివరికి మొగుణ్ణి చూసింది. సదానందం అంత తొందరగా ఓడిపోయే మనిషి కాదు. గొంతు సవరించుకున్నాడు.

"అంత గనం తిట్టినవు కిష్టవ్వా, తోక మాట ఒక్కసారి రాలే. నిజం చెప్పు, తిట్టింది కోతులనేనా?"

"ఏం జెయ్యాలె పటేలా, కోతులను తలుసుకుంటే నోట్లకెల్లి మాటనే రాలే. ఎదురుంగ గీ మనిషి కూసున్నడు. జర మొకం జూసిన. ఇగ ఆగలే."

పొద్దున్నుంచి తాను విన్నది విన్నట్టే చెప్పానని యాదవ్వ నెమ్మదిగా అంది. ఊరు పొద్దంతా ఏవేవో తప్పుగా అనుకున్నా, తిట్లు మొగుణ్ణేనన్న మొదటి మాట మాత్రం చివరికి ఒప్పైంది. అందరూ అంతయ్య మొహం వైపు జాలిగా చూశారు. కానీ అంతయ్యకు కోపం రాలేదు. తన మొహాన్ని ఒక్కసారి చూస్తేనే ఒక అడవి మందను తరిమేంత శక్తి ఆమెలో పుట్టిందంటే, ఆ పనిలో తన వంతు కూడా ఉందనిపించింది. ఛాతీ కొంచెం పొంగింది కూడా.

ఆ వారం ఊళ్లో మక్క చేలున్నవాళ్లంతా ఓంప్రకాశ్ దుకాణం ముందు బారులు తీరారు. ఎవరూ పాటలు అడగలేదు. అంతయ్య డబ్బాలోంచి దోసగింజంత ముక్కల్లోకి కిష్టవ్వను ఎక్కించుకుని పోయారు. ఎన్ని ఎక్కించినా బరువు మాత్రం గోరంత కూడా పెరగలేదు. ఏ మంచె ఎక్కినా అదే గొంతు, అవే తిట్లు. ఎవరి చేలోనూ కంకి పోలేదు. కిష్టవ్వ ఆ బాటన నడుస్తుంటే మగవాళ్లు చుట్టలు ఆర్పి లేచి నిలబడేవాళ్లు.

ఆ గొంతు వినలేక కోతులు అడవికి పోయాయి, అంతయ్య మాత్రం పొద్దుగూకగానే ఆ గొంతు ఉన్న ఇంటికే పోతున్నాడు.