తాతాజీ తోటలో మేలుబూజు నమోదు

ఆ రోజు ఉదయం కొల్లేరు వైపు నుంచి లేచిన మబ్బులు చింతలపూడి దాకా వచ్చి, తాతాజీ కోకో తోట మీద ఆగి, ఒక్క చుక్కయినా రాల్చకుండా నిలబడ్డాయి. పైనుంచి ఉత్తర్వులు రాలేదు కాబోలని ఊళ్ళోవాళ్ళు సరిపెట్టుకున్నారు.

ఏలూరులోని ఉద్యాన విభాగం నుంచి మాత్రం వచ్చాయి. భూమి లోపల నలభై కోట్ల ఏళ్ళకు పైగా ఒక కార్యాలయం అనుమతి లేకుండా నడుస్తోందనీ, దాన్ని తక్షణం నమోదు చేయాలనీ వాటి సారాంశం.

ఆ కార్యాలయం మైకోరైజా. వాడుకలో వేరుబూజు, ఉత్తర్వుల్లో మేలుబూజు. అది మొక్క వేళ్ళలో కాపురం పెట్టి, వెంట్రుక కన్నా సన్నని పోగుల్ని వేరు చేరలేనంత దూరం మట్టిలోకి పంపి, భాస్వరమూ, జింకూ, కాస్త తడీ మోసుకొస్తుంది. బదులుగా ఆకు వండిన చక్కెరలో కొంత పుచ్చుకుంటుంది. (పుచ్చుకున్నాక పని కూడా చేస్తుంది. విభాగానికి మొదట అనుమానం తగిలింది ఇక్కడే.) దరఖాస్తు లేదు, టోకెను లేదు, సర్వరు పడిపోవడం లేదు.

తాతాజీకి ఈ సంగతులేవీ పట్టేవి కావు. అతని భార్య రామలక్ష్మి మాత్రం ఎండాకాలంలో తాడేపల్లిగూడెం వెళ్ళినప్పుడు ఆ బూజు పొడి తెచ్చి, కోకో నారు సంచుల్లో సగానికి కలిపింది. మట్టికి పౌడరు రాస్తోందని తాతాజీ నవ్వాడు. శ్రావణంలో కొబ్బరి నీడన మొక్కలు నాటాక నవ్వడం మానేశాడు. పొడి కలిపిన సగం నిగనిగలాడుతూ మోకాలు దాటింది. కలపని సగం జ్వరం నుంచి లేచిన పిల్లల్లా ఉంది.

ఇప్పుడు కార్తీకం వెళ్ళిపోతోంది. బోరులో నీళ్ళు సన్నగిల్లాయి. డ్రిప్పు పైపులు పడకపోతే లేత కోకో వేసవి దాటదు. మేలుబూజు నమోదు కాని తోటకు పైపులు మంజూరు కావని ఉత్తర్వుల్లో ఉంది.

నమోదుకు 'బూజుబంధు' అనే యాప్ పెట్టారు. అది ముందు తాతాజీ వివరాలడిగింది, తరువాత బూజు వివరాలడిగింది. బూజు తండ్రి పేరు ఖాళీగా వదిలితే ముందుకు కదల్లేదు. తాతాజీ కాసేపు ఆలోచించి తన తండ్రి పేరే రాశాడు. యాప్ ఒప్పుకుంది. (ఆ వరసన బూజు అతనికి తోబుట్టువైంది. పొలంలో వాటా అడగలేదంటే అది దాని మంచితనం.) చివరగా, ముఖం స్పష్టంగా కనిపించేలా బూజు ఫొటో పెట్టమంది.

వేళ్ళు లెక్కపెట్టడానికి విభాగం పంపిన వేరు గణకుడు సుకుమార్ మోటారు సైకిలు మీద వచ్చాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు, మెత్తని మనిషి. ఇద్దరూ ఒక మొక్క మొదట్లో తవ్వి వేరు తీసి, అటు తిప్పీ ఇటు తిప్పీ చూశారు. వేరు తప్ప ఇంకేమీ కనబడలేదు.

"ఇది కంటికి ఆనదంట కదండీ," అన్నాడు తాతాజీ.

"నాకు తెలుసండి. యాప్‌కి తెలీదండి."

సుకుమార్ ఒక సలహా చెప్పాడు. ఏదో ఒక బూజు మొక్క మొదట్లో పెట్టి ఫొటో తీస్తే సరిపోతుందట. కలిదిండిలో ఒకాయన చేపల చెరువు గట్టున దోసెల పిండి బూజుతో పాసయ్యాడట.

బూజుకు తాతాజీ ఇంట్లో కరువు లేదు. దసరా ముందు అతను తడి గరిటె తీసుకెళ్ళి ఆవకాయ జాడీలో పెట్టాడు. ఆ ఇంట్లో అంతకన్నా పెద్ద నేరం ఇంతవరకు జరగలేదు. జాడీ నోటిదగ్గర తెల్లగా దూదిలా పట్టింది. జాడీ చంకన పెట్టుకుని గుమ్మం దాటుతుంటే రామలక్ష్మి అడ్డమొచ్చింది.

"నా ఆవకాయ పరువు తీసింది చాలక, ఇప్పుడు ఫొటోలు కూడానా అండీ?"

తాతాజీ పక్కనుంచి తప్పుకుని తోటలోకి నడిచాడు. అన్నిటికన్నా నిండుగా ఉన్న కోకో మొక్క కింద ఆకు పరిచి, దాని మీద ఆ దూదిని పెట్టి ఫొటో తీశాడు. యాప్ పచ్చగా వెలిగింది. "అభినందనలు. మీ బూజు ఆరోగ్యంగా ఉంది."

వారం తిరక్కుండానే రెండో ఉత్తర్వు వచ్చింది. తోటలో బూజు కనిపించినందున ప్రతి మొక్క మొదట్లోనూ బూజును చంపే మందు పోయాలనీ, పోసిన ఫొటో పెట్టకపోతే పైపులు ఆగిపోతాయనీ.

మొగుడూ పెళ్ళాం బస్సెక్కి ఏలూరు వెళ్ళారు. ఉప సంచాలకులు (కనిపించనివి) అబ్బాయిరాజు గారు వాళ్ళను మర్యాదగా కూర్చోబెట్టి మంచినీళ్ళు తెప్పించారు.

"కనిపించనంత కాలం అది నా బిడ్డేనమ్మా. ఫొటోలో పడిందంటే ఎదురు గదికి వెళ్ళిపోద్ది."

ఎదురు గదిలో ఉప సంచాలకులు (కనిపించేవి) కూర్చుంటారు. ఆయన మాత్రం ఆ రోజు కనిపించలేదు.

"అది ఊరగాయ బూజండి," అంది రామలక్ష్మి. "మా ఆయన తడి గరిటె పెట్టారు. ఆ మందు పోస్తే వేళ్ళలో ఉన్న మంచిది చచ్చిపోద్దండి."

అబ్బాయిరాజు గారు కంప్యూటరులో చాలాసేపు వెతికారు.

"తడి గరిటెకి కాలమ్ లేదమ్మా."

ఫొటో వెనక్కి తీసుకోవచ్చు. తీసుకుంటే నమోదు పోతుంది, నమోదుతో పాటు పైపులూ పోతాయి. తిరుగు బస్సులో తాతాజీ కిటికీలోంచి ఎండిన కాలవల్ని చూస్తూ, నీళ్ళు లేకపోతే ఏ బూజు మాత్రం ఏం చేస్తుందే అన్నాడు. మర్నాడు మందు డబ్బా అతను పట్టుకుంటే, రామలక్ష్మి బిందెతో నీళ్ళు మోసింది.

సంక్రాంతి వెళ్ళాక పైపులు దిగాయి. అప్పటికి నిగనిగలాడే సగంలో కొత్త చిగురు సన్నగా, పాలిపోయి వస్తోంది. తోట రెండు భాగాల మధ్య ఇన్నాళ్ళూ ఉన్న అసమానతలు పథకం వల్ల తొలగిపోయాయని విభాగం నివేదిక రాసుకుంది.

'మేలుబూజు సంరక్షిత క్షేత్రం' అనే రేకు పలకను సుకుమార్ స్వయంగా తెచ్చి, తోట గేటుకు మేకులు కొట్టాడు. ఎండ నడినెత్తికొచ్చింది. రామలక్ష్మి ముగ్గురికీ కంచాలు పెట్టింది. అన్నం, ముద్దపప్పు, పైపొర తీసేసి నూనె కాచి పోసిన అదే ఆవకాయ. సుకుమార్ తల దించుకుని కలుపుకున్నాడు. తాతాజీ గేటు వైపు చూడకుండా తిన్నాడు.

మారు వడ్డించాక రామలక్ష్మి గరిటెను చెంబులో నీళ్ళతో కడిగి, తుడవకుండానే జాడీలో పెట్టి మూత వేసింది. నమోదును ఏటేటా కొత్త ఫొటోతో పునరుద్ధరించుకోవాలి.