సొంత అవసరానికి పిల్లమ్మ మోకాళ్ళు

ఇల్లు ఖాళీ చేయని అద్దెదారు దేవుడిచ్చిన వరం! ముఖం చిట్లించకండి, ఓనరు మహాశయులారా. అరవై రెండేళ్ళు వచ్చేదాకా కరెంటు బిల్లు తప్ప మరో కాగితం చదవని ఓబళప్పను ఆరు నెలల్లో న్యాయకోవిదుణ్ణి చేసింది ఎవరు? ఏ లా కాలేజీ? కాదు, మారతహళ్ళిలో ఆయన ఇంట్లో అద్దెకున్న హరీశ్!

ఓబళప్ప మాత్రం బళేపేటలో రాజగోపాల్ గారి మేడ మీద అద్దెకుంటాడు. సొంతిల్లు అద్దెకిచ్చి తాను అద్దింట్లో ఉండటం బెంగళూరులో వింతేమీ కాదు. ఆయన చీరల కొట్టు అక్కడికి నాలుగడుగులు. కింద ఓనరు, పైన ఈయన, ఇరవై ఆరేళ్ళుగా ఇదే కాపురం.

మారతహళ్ళిలో పక్కింటికి ఎక్కువ అద్దె వస్తోందని తెలిసిన రోజు నుంచీ ఆయనకు హరీశ్ ముఖం నచ్చడం మానేసింది. పదకొండు నెలల అగ్రిమెంటు ముగియగానే ఖాళీ చేయమన్నాడు. "ఎందుకు అంకుల్?" అన్నాడు హరీశ్. ఎందుకో చెప్పుకోలేక ఓబళప్ప చట్టాన్ని ఆశ్రయించాడు, అదీ ఫోనులో.

ఆహా, ఎన్ని సౌకర్యాలు! ఓనర్లకు ఉచిత సలహాలిచ్చే సైట్లు, లాయర్ల వీడియోలు, డౌన్‌లోడ్ చేసుకునే నోటీసులు, వీటన్నిటినీ కలిపి వడ్డించే ఓనర్ల వాట్సాప్ గ్రూపు! ఒక వీడియోలో లాయరమ్మ నీళ్ళు ఆపకూడదు, కరెంటు తీయకూడదు, తాళం వేయకూడదు అని చెబుతుంటే ఓబళప్ప డీలా పడిపోయాడు.

"ఇంకేమి మిగిలిందమ్మా మాకు?" అని ఫోనునే అడిగాడు.

నోటీసు మిగిలింది! నమూనాలో 'కారణం' అన్నచోట ఖాళీ ఉంది. అసలు కారణం రాస్తే బాగుండదు కదా? 'సొంత అవసరం' అని రాస్తే బ్రహ్మాస్త్రమని గ్రూపులో పెద్దలు తేల్చారు. ఓబళప్ప ఇలా నింపాడు: 'నా భార్య పిల్లమ్మకు మోకాళ్ళ నొప్పి. మెట్లు ఎక్కలేదు. కావున గ్రౌండ్ ఫ్లోర్‌లోని నా ఇల్లు నాకు కావలెను.' రిజిస్టర్డ్ పోస్టు చేసి, వెనక్కి వచ్చిన అక్నాలెడ్జ్‌మెంట్ కార్డును దేవుడి పటం పక్కన పెట్టాడు.

ఆదివారం హరీశ్ డజను అరటిపళ్ళతో బళేపేటకే వచ్చేశాడు. "ఆంటీకి మోకాళ్ళ పెయిన్ అంట కదా అంకుల్, చూసి వెళ్దామని."

ఆంటీ అప్పుడే డాబా మీద వడియాలు పెడుతూ, జల్లెడ మర్చిపోయానని గబగబా దిగివచ్చి, మళ్ళీ రెండేసి మెట్లు ఎక్కుతోంది.

"నొప్పా? ఎవరికప్పా? నాకేమైంది?" అంది పైనుంచే.

హరీశ్ నవ్వలేదు. బ్యాగులోంచి మూడేళ్ళ కొత్త అగ్రిమెంటు తీశాడు. 'ఈ మూడేళ్ళూ ఓనరుకు సొంత అవసరం లేదు' అని చివర ఒక వాక్యం. ఓబళప్ప తేలు కుట్టిన దొంగలా సంతకం పెట్టాడు.

అయితేనేం, చదివిన చదువు ఎక్కడికి పోతుంది? ఓడిన సంగతి ఎవరికీ చెప్పలేదు కనుక పేటలో ఆయన పేరు మారుమోగింది. టిఫిను హోటల్లో ఇడ్లీ రాకముందే సలహా వచ్చేది. ఒక సాయంత్రం రాజగోపాల్ కూడా మెట్లెక్కి వచ్చాడు.

"ఒక మనిషిని ఖాళీ చేయించాల ఓబళప్పా. ఎదురుగా అడిగేదానికి నోరు రాకుండా ఉండాది. ఎట్ల?"

"అడగనే వద్దప్పా! నోరు తెరిస్తే కేసు పోతాది. సుమ్నే, ఊరికే ఒక నోటీసు పంపించు."

తన నమూనా ఇచ్చాడు. కారణం ఎలా నింపాలో నేర్పాడు. పిల్లమ్మ చేత కాఫీ కూడా ఇప్పించాడు. రాజగోపాల్ తల ఎత్తకుండా తాగి వెళ్ళిపోయాడు.

ఎనిమిదో రోజు పోస్ట్‌మ్యాన్ వచ్చాడు. 'నా భార్య వెంకటలక్ష్మికి మోకాళ్ళ నొప్పి. మెట్లు ఎక్కలేదు. కావున మేడ మీది నా ఇల్లు నాకు కావలెను.' పొల్లుపోకుండా తన వాక్యమే! ఓబళప్ప మురిసిపోయాడు. ఆ తర్వాత కవరు మీది పేరు చూసుకున్నాడు.

కొట్లాడదామంటే కాగితం ముక్క లేదు. ఇరవై ఆరేళ్ళ కిందట రాజగోపాల్ తండ్రి తాళంచెవి పిల్లమ్మ చేతిలో పెట్టి "ఉండండమ్మా" అన్నాడు, అంతే. మరి తలదాచుకునేది ఎక్కడ? ఓబళప్ప మారతహళ్ళికి పరుగెత్తాడు.

"ఈ తూరి నిజంగానే కావాలప్పా. స్వల్ప అడ్జస్ట్ చేసుకో."

"సారీ అంకుల్, రియల్లీ ఫీలింగ్ బ్యాడ్. బట్ మీరు రైటింగ్‌లో ఇచ్చేశారు కదా? ఏదున్నా నోటీసు పంపండి."

తిరిగి వచ్చేసరికి పిల్లమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది, ఒళ్ళో నోటీసుతో. కళ్ళు తుడుచుకుంటోంది.

"రాజగోపాలు నోటితో ఒక మాట అడిగింటే మనమే ఖాళీ చేసిందుము కదా! నా చేతి కాఫీ తాగి పోయినాడే! అడగొద్దని వానికి ఎవరు నేర్పించినారో, వాళ్ళ నోరు పడిపోనూ!"

న్యాయకోవిదుడు ఓబళప్ప ఏమీ అనలేదు. నోరు తెరిస్తే కేసు పోతుంది.