మొదలుపెట్టని అలవాటు మానేసిన మనిషి

ఆ ఉదయం ఇస్త్రీ బాబాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. వీధి సంఘం ప్రెసిడెంటుగారి తెల్లప్యాంటూ తెల్లచొక్కా ఇస్త్రీ చేసి సభ మొదలయ్యేలోగా హాలుకు చేర్చాలి. తిరిగొచ్చి వంటింట్లో కారుతున్న కుళాయి బాగుచేయాలి. భోంచేసి ఓ కునుకు తీయాలి. వీటిలో కుళాయి ఒక్కటే కాస్త చిక్కుపని అనుకున్నాడు. మనుషుల అంచనాలు అలాగే ఉంటాయి.

వీధి మొత్తానికీ ఆయన బాబాయి, ఆయన భార్య పిన్ని. వీధి మలుపులో ఒక బండి, బండి మీద తండ్రి వాడిన బొగ్గుల ఇస్త్రీపెట్టె, అదీ ఆయన సామ్రాజ్యం. పెట్టెలో బొగ్గులు రాజేసి, మొహం దగ్గరగా పెట్టి బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదేవాడు. కళ్లు ఎర్రబడేవి, దగ్గు తెరలు తెరలుగా వచ్చేది, రవ్వలు పడి చొక్కాకి చిల్లులు పడేవి. పని అన్నాక ఇవన్నీ మామూలే అని సరిపెట్టుకున్నాడు.

ఆయనకు ఒక్కటే నియమం. ఇస్త్రీకి ముందు ప్రతి జేబూ తడమాలి. అందులో ఏది దొరికినా సొంతదారు చేతికే ఇవ్వాలి, మూడో మనిషి చెవిన వేయకూడదు. ఆ లెక్కన వీధిలో సగం ఇళ్ల గుట్టు ఆయన కడుపులో ఉంది. అక్కణ్ణుంచి అది ఎప్పుడూ బయటికి రాలేదు కాబట్టే అందరూ ఆయనకే బట్టలిచ్చేవారు.

ఆ రోజు ప్రెసిడెంటుగారి ప్యాంటు జేబులో సిగరెట్ ప్యాకెట్ దొరికింది. సగం ఖాళీ. కాసేపట్లో ఆ ప్యాంటు వేసుకునే ఆయన అధ్యక్షత వహించబోయేది పొగాకు మాన్పించే సభకి. బాబాయి తనలో తాను నవ్వుకుని, చాటుగా ఇచ్చేద్దామని ప్యాకెట్‌ను తన చొక్కా జేబులో వేసుకున్నాడు. హాలుకి వెళ్తే ప్రెసిడెంటుగారి చుట్టూ జనం. బట్టలు ఇవ్వగలిగాడు గానీ ప్యాకెట్ ఇవ్వలేకపోయాడు.

సభలో ఆరోగ్యకేంద్రం నుంచి వచ్చిన అమ్మాయి ఒక చిన్న యంత్రం చూపించింది. గొట్టంలోకి ఊదాలి. ఊపిరిలో పొగ ఆనవాలుంటే ఎర్రలైటు, లేకపోతే పచ్చలైటు. "ఎవరు ముందు వస్తారు?" అని అడిగితే మగవాళ్లందరూ ఒక్కసారిగా తమ చెప్పులు పరిశీలించడం మొదలుపెట్టారు.

ప్రెసిడెంటుగారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "బాబాయ్, నువ్వు రావయ్యా! నీకా అలవాటు లేదుగా. నువ్వు ఊది పచ్చలైటు వెలిగిస్తే మిగతా వాళ్లకి ధైర్యం వస్తుంది."

మొదటి వరసలో పిన్ని గర్వంగా సర్దుకుని కూర్చుంది. పక్కనే ఆమె తల్లి, అంటే బాబాయి అత్తగారు. పిన్ని తండ్రి పొగతాగీ తాగీ, ఊపిరి అందక పోయిన మనిషి. అందుకే పెళ్లికి ముందు ఆమె బాబాయిని అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: "సిగరెట్ తాగుతారా?" ఆయన లేదన్నాడు. ఆ ఒక్క మాట మీద వాళ్ల కాపురం నిలబడి ఉంది.

పొద్దుటి నుంచి బొగ్గులు ఊదిన ఊపిరితోనే బాబాయి గొట్టంలోకి ఊదాడు. ఎర్రలైటు వెలిగింది.

"సరిగ్గా ఊదినట్టు లేదు, మళ్లీ ఊదండి" అంది ఆరోగ్యకేంద్రం అమ్మాయి. బాబాయి ఈసారి మనసుపెట్టి ఊదాడు. ఎర్రలైటు ఇంకా బాగా వెలిగింది. ఆయనకు ముచ్చెమటలు పోశాయి. తుడుచుకుందామని జేబులోంచి రుమాలు లాగాడు. రుమాలుతో పాటు సిగరెట్ ప్యాకెట్ కూడా బయటికొచ్చి, సరిగ్గా పిన్ని కాళ్ల దగ్గర పడింది.

"అది... అది నాది కాదు" అన్నాడు బాబాయి.

"మరి ఎవరిది?" అని ఎవరో అరిచారు.

బాబాయి ప్రెసిడెంటుగారి వైపు చూశాడు. ప్రెసిడెంటుగారు పైకప్పు వైపు చూశారు. బాబాయి తలొంచుకున్నాడు.

"కంగారు పడకండి బాబాయ్ గారూ" అంది ఆ అమ్మాయి ఎంతో దయగా. "మొదట్లో అందరూ నాది కాదనే అంటారు. మాకు శిక్షణలో చెప్పారు."

వీధి పరువు కాపాడుకోవడానికి ఆడవాళ్లు అత్తగారిని ముందుకు తోశారు. ఆవిడ వద్దు వద్దంటూనే ఊదింది. పచ్చలైటు వెలిగింది. హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. ఆవిడ మాత్రం తలెత్తలేదు. అల్లుడి నిర్వాకానికి కుమిలిపోతోందని అందరూ జాలిపడ్డారు.

ఇంటికొచ్చాక పిన్ని తిట్టలేదు, ఏడవలేదు. మాట్లాడటం మానేసింది, అంతే. కంచం ముందు పెట్టేది, నీళ్లు పెట్టేది, గోడ వైపు తిరిగి కూర్చునేది. కుళాయి కారే చప్పుడు తప్ప ఇంట్లో వేరే మాట లేదు. నోటికి తాళం వేసుకున్న ఆ మనిషిని చూస్తుంటే బాబాయికే అనుమానం పుట్టేది. యంత్రం అబద్ధమాడుతుందా? కొంపదీసి తనే నిద్రలో లేచి కాలుస్తున్నాడా? రెండు మూడు సార్లు లేవగానే తన వేళ్లు తనే వాసన చూసుకున్నాడు. పొగ వాసనే వచ్చింది. దాంతో ఆయనకు తన మీద తనకే నమ్మకం పోయింది.

వీధికి మాత్రం ఉత్సాహం వచ్చింది. బాబాయిని బాగుచేసే పని అందరూ నెత్తిన వేసుకున్నారు. ఆయన చొక్కాల చిల్లులకీ పొద్దుటి దగ్గుకీ ఇప్పుడు అందరికీ అర్థం తెలిసిపోయింది. ఆయన బండి వెనక్కి వంగితే చాలు, మేడ మీద నుంచి ఎవరో ఒకరు "బాబాయ్, వద్దు!" అని కేకేసేవారు. ఆయన వంగేది బొగ్గుల సంచి కోసం.

ఒక పొద్దున కిరాణా కొట్టాయన చేతులు జోడించాడు. "అగ్గిపెట్టె మాత్రం అడక్కండి బాబాయ్. మీకు ఇవ్వొద్దని వీధంతా చెప్పింది."

"బొగ్గులు రాజేసుకోవాలయ్యా!"

"అందరూ ఏదో ఒకటి చెప్తారు."

అగ్గి లేక బొగ్గు లేదు, బొగ్గు లేక ఇస్త్రీ లేదు. చూస్తుండగానే వీధి మొత్తం నలిగిపోయింది. పెళ్లిచూపులకి వెళ్లాల్సినవాడు కూడా దిండు కింద పెట్టి తీసిన చొక్కా తొడుక్కుని వెళ్లాడు. ఇక లాభం లేదని ప్రెసిడెంటుగారే కరెంటు ఇస్త్రీపెట్టె ఒకటి కొని, తన ఇంటి నుంచి బండిదాకా వైరు లాగించారు. ఎవరూ లేకుండా చూసి మెల్లగా అన్నారు: "బాబాయ్, నీ మేలు జన్మలో మర్చిపోను."

"మోకాలి దగ్గర ముడత ఉంది సార్. ప్యాంటు పంపించండి" అన్నాడు బాబాయి.

ఆ రాత్రి పిన్ని గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. "ఒక్కసారి నిజం చెప్పండి. తాగానని చెప్పినా భరిస్తాను. ఇలా దాచడమే భరించలేను."

బాబాయి నిజం అప్పటికే చాలాసార్లు చెప్పాడు. అది ఎవరికీ పనికి రాలేదు. "తాగాను" అన్నాడు. "ఇక తాగను."

పిన్ని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, "ఇంకాస్త అన్నం పెట్టనా?" అంది. ఆ మూడు మాటల కోసం ఆయన ఇంకెన్ని నేరాలైనా ఒప్పుకునేవాడు. బతుకంతా నిజమే చెప్పినవాడు మొట్టమొదటిసారి అబద్ధమాడితే, దాన్ని మాత్రం అందరూ ఇట్టే నమ్మేశారు.

అలా బాబాయి పొగ మానేవాళ్ల బృందంలో చేరాడు. వారం వారం హాలులో గుండ్రంగా కూర్చుని, ఎవరి పాట్లు వాళ్లు చెప్పుకునేవారు. తన వంతు వస్తే ఆయన "చాలా కష్టంగా ఉంది" అనేవాడు, అది నిజమే కాబట్టి. బొగ్గు ముట్టక చాలా రోజులైంది గనక ఈసారి గొట్టంలోకి ఊదితే పచ్చలైటు వెలిగింది. వీధి వీధంతా చప్పట్లు. ఎన్నడూ మొదలుపెట్టని అలవాటు ఎలా మానేశాడో ఆయనకే అంతుపట్టలేదు. ఒక్క వింత మాత్రం గమనించాడు. పొద్దుటి దగ్గు నిజంగానే పోయింది.

ఆయనకు అందరి ముందూ ప్రశంసాపత్రం ఇవ్వాలని ప్రెసిడెంటుగారు సభ పెట్టించారు. దానికి ముందురోజు మధ్యాహ్నం, అత్తగారు బండి దగ్గరికి వచ్చింది. అటూ ఇటూ చూసి, బోర్లించిన బొగ్గుల డబ్బా మీద కూర్చుంది.

"బాబూ, మీరెలా మానేశారు?"

"ఏదోలెండి అత్తయ్యా."

"ఏదో అంటే కుదరదు. నాకు కావాలి." ఆవిడ కొంగుముడి విప్పింది. అందులో చిన్న గుడ్డసంచి, సంచిలో పొగాకు ముక్కలు. "ఆయన పోయిన దగ్గర్నుంచీ దవడన పెట్టుకుంటున్నాను. మొదట్లో తోచక. ఇప్పుడు అది లేకపోతే తోచదు. నమిలేదాన్ని యంత్రం ఎలా పట్టుకుంటుంది? పొగ ఉంటేగా! ఆ రోజు అందరూ నాకు చప్పట్లు కొడుతుంటే, మీరు తలొంచుకుని నిలబడ్డారు. నాకు చచ్చేంత సిగ్గేసింది బాబూ."

బాబాయి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాడు.

"దవడ లోపల ఒక పుండు లేచింది. ఎన్నాళ్లైనా మానట్లేదు" అంది ఆవిడ, గొంతు బాగా తగ్గించి. "డాక్టరుకి చూపించాలంటే భయం. నా కూతురికి చెప్పాలంటే ఇంకా భయం. తండ్రి అలా పోయాడు, తల్లి ఇలా చేస్తోందంటే అది తట్టుకోదు. మీరు మానేశారని తెలిశాక మొదటిసారి ధైర్యం వచ్చింది. మీకు సాధ్యమైతే నాకూ సాధ్యమేగా?"

ఆ ప్రశ్నకు నిజమైన జవాబు ఒకటుంది. అది చెబితే ఆవిడకు ఉన్న ఒక్క ఆసరా ఊడిపోతుంది. బాబాయి బృందంలో విన్నవన్నీ గుర్తు చేసుకుని, ప్రాణం గిలగిల్లాడినప్పుడు లేచి నాలుగడుగులు వేయమన్నాడు, నీళ్లు తాగమన్నాడు, ఒంటరిగా కూర్చోవద్దన్నాడు. చివరిది మాత్రం ఆయన సొంతంగా చెప్పాడు. "తోచనప్పుడు బండి దగ్గరికి రండి. మడతలు పెడుదురుగాని." ఆవిడ కళ్లు తుడుచుకుంది.

ఆవిడ వెళ్లిందో లేదో కరెంటు పోయింది. సభకి వేసుకోవాల్సిన బట్టలు కుప్పగా ఉన్నాయి. బాబాయి పక్కింట్లో నిప్పు అడిగి, పాత పెట్టె తీసి, బొగ్గులు రాజేసి బుగ్గలు పూరించి ఊదుతున్నాడు. సరిగ్గా అప్పుడే, సభలో చదవడానికి ఆయన కథ రాసుకుందామని ఆరోగ్యకేంద్రం అమ్మాయి వచ్చింది. పొగకు కళ్లు మండి, దగ్గు తెరలు ఆపుకుంటూ కాసేపు అలాగే నిలబడింది. తర్వాత సంచిలోంచి యంత్రం తీసింది. "ఒక్కసారి ఊదండి."

ఎర్రలైటు.

ఆ అమ్మాయి డబ్బా మీద కూలబడింది. "బాబాయ్ గారూ! మీరు అసలు సిగరెట్టే తాగలేదా?"

"మొదట్లో లేదనే చెప్పానుగా తల్లీ."

"అయ్యో, తప్పంతా నాదే! ఏ పని చేస్తారని ఒక్క మాట అడగలేదు. బొగ్గుల పొగకి కూడా ఈ లైటు వెలుగుతుంది. రేపు సభలో నేనే అందరికీ చెప్పేస్తాను."

పోయిన పరువు గుమ్మం దాకా వచ్చి నిలబడింది. పిన్ని మొహం కళ్ల ముందు మెదిలింది. దాని వెనకే అత్తగారి మొహం కూడా. "రేపు చెప్పకమ్మా" అన్నాడు బాబాయి కష్టంగా. "నేను మానేశానన్న నమ్మకం మీద ఒకళ్లు మానాలనుకుంటున్నారు. వాళ్లు కాస్త నిలదొక్కుకోనీ."

మర్నాడు సభలో బాబాయిని మాట్లాడమన్నారు. ఆయన మైకు ముందు నిలబడి, మొదటి వరసలో ఉన్న అత్తగారినే చూస్తూ అన్నాడు: "మానడం కష్టమే. దాచుకోవడం అంతకన్నా కష్టం. మనవాళ్లు కోప్పడతారు, మాట్లాడరు. కానీ అన్నం పెడతారు."

అత్తగారు లేచింది. మెల్లగా నడిచి వచ్చి, కొంగుముడి విప్పి, గుడ్డసంచిని ప్రశంసాపత్రం పక్కన పెట్టింది. "నాకు చప్పట్లు కొట్టారుగా, అవి తిరిగి తీసేసుకోండి. నేను పొగాకు నములుతాను. ఇవాళ్టి నుంచి మా అల్లుడి బాటే నాదీ."

ఆరోగ్యకేంద్రం అమ్మాయి ఇక ఆగలేకపోయింది. మైకు లాక్కుని బొగ్గుల సంగతంతా చెప్పేసింది. "కానీ యంత్రం అబద్ధం చెప్పలేదు. బాబాయ్ గారి ఊపిరిలో ఉన్నది నిజంగా పొగే. ఆయన ఆ పెట్టె మానేయాల్సిందే!"

పిన్ని లేచి వచ్చి ముందు తల్లి చెయ్యి పట్టుకుంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "తాగనప్పుడు తాగానని ఎందుకు ఒప్పుకున్నారు?"

"నువ్వు మాట్లాడట్లేదుగా" అన్నాడు బాబాయి.

పిన్నికి మాట పెగల్లేదు. ఈసారి అది కోపం వల్ల కాదని హాలులో అందరికీ తెలిసింది.

"మరి ఆ ప్యాకెట్ ఎవరిది?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. పిన్ని ఒక్క క్షణం ఆలోచించింది. ఆ పొద్దున బాబాయి ఇస్త్రీ చేసింది ఎవరి ప్యాంటో ఆమెకు గుర్తుంది. వేదిక మీదికి చూసింది. ప్రెసిడెంటుగారు మళ్లీ పైకప్పు వైపు చూస్తున్నారు. "జేబులో దొరికినవి మేం చెప్పం" అంది పిన్ని, మొగుడి పక్కన నిలబడి.

డాక్టరు అత్తగారి దవడ చూసి, ముక్క తీసి పరీక్ష చేయించి, ఇది ముదరకముందే వచ్చారు, ఇక పొగాకు ముట్టకపోతే నయమవుతుందని చెప్పాడు. ఆవిడ ఇప్పుడు రోజూ బండి దగ్గరికొచ్చి మడతలు పెడుతోంది. ప్రాణం గిలగిల్లాడిన రోజున మడతలు మరీ గట్టిగా పడతాయి. బొగ్గుల పెట్టెను పిన్ని అటక ఎక్కించేసింది. కుళాయి కూడా బాగైంది.

ఆ తర్వాత ఇస్త్రీకి వచ్చిన ప్రెసిడెంటుగారి ప్యాంట్లన్నిటికీ జేబులు కుట్టేసి ఉన్నాయి.