ఫ్రిజ్‌కు సొంత ప్లగ్ పాయింటు

ఆదివారం పొద్దున దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. హాల్లో ఉన్న ప్లగ్ పాయింటు నుంచి వైరు లాగి, గోడకు అవతల వంటగదిలో ఇంకో పాయింటు పెట్టించాలి. దాన్ని ఫ్రిజ్‌కు రాసిచ్చేయాలి. ఇంకెవరూ దానిమీద చెయ్యి వేయకూడదు. ఆ తర్వాత ఎప్పటిలాగే మౌనంగా కూర్చోవాలి.

వంటగదిలో ఉన్నది ఒకటే పాయింటు. నిన్న సాయంత్రం పలకరించడానికి వచ్చిన బావమరిది, ఫోను చార్జింగు కోసం ఫ్రిజ్ ప్లగ్గు పీకి, మళ్ళీ పెట్టడం మరిచి భోజనానికి కూర్చున్నాడు. తర్వాత దర్జీ ఫ్రీజరు తలుపు తీస్తే మంచు కరిగి బొట్లు బొట్లుగా కారుతోంది. ఆ మంచులో నీలం మూత డబ్బా ఒకటుంది. అందులో టమాటా కూర. ఆసుపత్రికి వెళ్ళే ముందు, తిరిగొచ్చాక వండే ఓపిక ఉంటుందో లేదోనని అతని భార్య చేసి దాచింది. ఆవిడ తిరిగి రాలేదు. కూర ఉండిపోయింది. తినడానికి అతనికి మనసు రాలేదు, పారేయడానికి చేతులు రాలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే తినేయమనో, పారేయమనో అంటారు.

బావమరిది చేసిన తప్పు దిద్దుకునే రకం. చిక్కంతా అక్కడే వచ్చింది. బ్యాంకులో గుమాస్తా అయినా, వీడియోలు చూసి కరెంటు పని ఒంటబట్టిందని అతని నమ్మకం. ఎలక్ట్రీషియన్ మాటెత్తితే నొచ్చుకున్నాడు.

"నేనుండగా బయటి మనిషెందుకు బావా? అక్క ఉంటే నాకే చెప్పేది."

అక్క పేరెత్తాక దర్జీ ఎలక్ట్రీషియన్ మాట వదిలేశాడు. మెడలోని టేపుతో గోడ కొలిచి ఇచ్చాడు.

ముందు మెయిన్ స్విచ్ ఆపాలి. ఆపితే ఫ్రిజ్ కూడా ఆగుతుంది. దర్జీ డబ్బాను తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పై వాటాకు వెళ్ళాడు. పై వాటా ఆవిడ ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది. కాస్త ఫ్రీజరులో పెట్టమ్మా అని డబ్బా చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముఖం విప్పార్చుకుని తలూపింది. దర్జీ కుదుటపడి దిగొచ్చాడు.

కింద బావమరిది పాయింటు మూత విప్పి టెస్టరు పెట్టాడు. అది వెలిగింది. మెయిన్ ఆపాక వెలగడమేమిటని దర్జీ అడిగితే, టెస్టరు పాడైందన్నాడు. బజారుకు పోయి కొత్తది తెచ్చాడు. అదీ వెలిగింది. ఈ రోజుల్లో అంతా నాసిరకం సరుకేనని విసుక్కుని స్క్రూ డ్రైవరు లోపలికి పోనిచ్చాడు.

నీలంగా ఒక మెరుపు మెరిసింది. ఢామ్మని చప్పుడైంది. బావమరిది కింద చతికిలబడ్డాడు. గోడమీద అరచేతంత మసి మిగిలింది. ఒంటికేమీ కాలేదు గానీ, కాసేపటిదాకా పేరడిగినా చెప్పే స్థితిలో లేడు.

పైనుంచి ఆవిడ బాల్కనీలోకి వచ్చి, మీక్కూడా కరెంటు పోయిందా అని కేకేసింది. అప్పుడే నోరు పెగిలిన బావమరిది ఉన్నమాటే చెప్పాడు.

"మాకు పొద్దుట్నుంచీ లేదండీ."

వీధంతా పోయిందనుకుని ఆవిడ లోపలికి వెళ్ళింది. ఆ చప్పుడుకీ పైనున్న ఫ్యాను ఆగడానికీ సంబంధం ఉంటుందని కింద ఇద్దరికీ తట్టలేదు. డ్రిల్లింగు మిషను నడవదు గనక ఉలీ సుత్తీ తీసుకున్నారు. గోడకు పడిన కన్నం అవతల కంచాల అలమరలో తేలింది. కంచాలన్నీ గలగలమంటూ నేలమీదికి వచ్చాయి. వాటిని ఏరుతూ ఏరుతూ బావమరిది తనే ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేశాడు.

అతను వచ్చి చూసి అసలు సంగతి చెప్పాడు. ఒకప్పుడు పైనా కిందా ఒకే ఇల్లు. వాటాలు వేరు చేసినప్పుడు హాల్లోని ఆ ఒక్క పాయింటూ పై వాటా లైనుమీదే ఉండిపోయింది. ఇప్పుడు కాలింది పైవాళ్ళ ఫ్యూజు.

పైవాళ్ళ ఫ్యూజు పోయిందంటే పైవాళ్ళ ఫ్రీజరూ ఆగిందన్నమాట. దర్జీ చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కాడు.

భార్యాభర్తలిద్దరూ బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. మధ్యలో డబ్బా. ఆయన రొట్టె ముక్కతో దాని అంచులు తుడుస్తున్నాడు.

"కరెంటు ఇప్పట్లో వచ్చేలా లేదని వెచ్చబెట్టేశాను అన్నయ్యగారూ," అంది ఆవిడ. "ఈ డబ్బా నేను వదినకిచ్చిందే. ఖాళీగా తిరిగివ్వకూడదని కూర చేసి మరీ తెచ్చారే. అచ్చం వదిన బుద్ధే."

దర్జీ డబ్బాలోకి చూశాడు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఆవిడ భర్త కళ్ళు తుడుచుకోవడం కనబడింది.

"బాగుందా?" అని మాత్రం అడిగాడు.

"ఆమె చేతి వంటలాగే ఉందయ్యా," అన్నాడాయన. "మళ్ళీ తింటాననుకోలేదు."

"తను చేసే పద్ధతే," అన్నాడు దర్జీ.

కింద ఎలక్ట్రీషియన్ పని ముగించినట్టున్నాడు. కొత్త పాయింటుమీద ఫ్రిజ్ బుర్రుమని మొదలైన చప్పుడు పైకి వినిపించింది. అందులో దాచడానికి ఇక ఏమీ లేదు. దర్జీ రెండు మెట్లు దిగాడో లేదో, ఆవిడ గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించింది.

"ఏమీ అనుకోకండి అన్నయ్యగారూ. చెప్పకపోతే మీకు తెలీదు కదా. ఉప్పు బాగా తక్కువైంది."

"ఈసారి చూసుకుంటానమ్మా," అన్నాడతను.

కాపురం చేసినన్నాళ్ళూ ఉప్పు తక్కువైందన్న మాట భార్యతో పైకి అనే ధైర్యం అతనికి చాలలేదు.