తోడల్లుడి కంటే ఒక్కరు ఎక్కువ

ఆ ఉదయం కౌన్సిలర్ కోరుకున్నది పెద్ద విషయమేమీ కాదు. వార్డు కమ్యూనిటీ హాల్లో తాను పెట్టిన రక్తదాన శిబిరానికి, తోడల్లుడి శిబిరానికంటే ఒక్క కుర్రాడైనా ఎక్కువ రావాలి. అంతే.

పక్క వార్డు కౌన్సిలర్ ఆ తోడల్లుడే. పోయిన వారం అతని శిబిరానికి నూటపది మంది యువకులు వచ్చారు. పేపర్లో ఫొటో పడింది. మామగారు దానికి ఫ్రేము కట్టించారు. నెలాఖరుకి పార్టీ వీళ్లిద్దరిలో ఒకరిని ఆరోగ్య కమిటీ చైర్మన్‌ని చేస్తుంది.

"ఫొటోలో నవ్వుతుంటే మా మరిది ముఖం ఎంత కళగా ఉందో!" అంది భార్య టీ అందిస్తూ.

"పళ్లున్న ప్రతివాడూ నవ్వుతాడు," అన్నాడు కౌన్సిలర్.

హాల్లో మంచాలున్నాయి, డాక్టరమ్మ ఉంది, పళ్లరసం డబ్బాలున్నాయి. కుర్రాళ్లే లేరు.

"ముందు మీరిస్తే జనానికి ధైర్యం వస్తుంది సార్," అన్నాడు అనుచరుడు.

డాక్టరమ్మ కౌన్సిలర్ చేతికి బీపీ పట్టీ చుట్టింది. సరిగ్గా అప్పుడే కిటికీలోంచి ఒక ఆటో కనిపించింది. దాని వెనక తోడల్లుడి ఫ్లెక్సీ. అదే నవ్వు.

డాక్టరమ్మ మీటరు చూసి ఉలిక్కిపడింది. "ఈ బీపీతో రక్తం తీయకూడదు. కదలకుండా పడుకోండి."

కౌన్సిలర్ కళ్లు మూసుకుని పడుకున్నాడు. అనుచరుడికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఆ భంగిమలోనే ఫొటో తీసి, 'రక్తం ఇచ్చేవాళ్లు వెంటనే రండి' అని వార్డు యువత గ్రూపులో పెట్టేశాడు.

కాసేపటికే బయట మోటారుసైకిళ్లు గర్జించాయి.

"సార్‌ని లారీ గుద్దిందట!"

"ఒకటి కాదురా, రెండు!"

కౌన్సిలర్ గభాలున లేవబోయాడు. అనుచరుడు భుజం పట్టి అదిమాడు.

"లేవకండి సార్! మీరు లేస్తే వాళ్లు వెళ్లిపోతారు. లైను గేటు దాటింది."

కౌన్సిలర్ ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత భారంగా మూలిగాడు. మూలిగినకొద్దీ లైను పెరిగింది.

"నూటపది, సార్," గుసగుసలాడాడు అనుచరుడు. "సమానమైపోయాం."

"ఇంకొక్కడు... ఇంకొక్కడు..."

"పాపం, కలవరిస్తున్నాడు," అంటూ ఎవరో కళ్లు తుడుచుకున్నారు.

ఆ ఒక్కడూ వచ్చాడు. చెప్పుల్లేకుండా, రొప్పుతూ, జనాన్ని తోసుకుంటూ. తోడల్లుడు!

"అన్నయ్యా! డాక్టర్‌గారూ, నా ఒంట్లో రక్తమంతా తీసుకోండి! మా అన్నయ్య బతకాలి!"

"ఆయనకి బీపీ తప్ప..." అంటోంది డాక్టరమ్మ. ఆ ఏడుపుల్లో ఎవరికీ వినపడలేదు. తోడల్లుడు పక్క మంచమెక్కి, ఒక చేతిని సూదికిచ్చాడు. రెండో చేత్తో కౌన్సిలర్ చెయ్యి పట్టుకున్నాడు. అతని కన్నీళ్లు నిజమైనవి. శిబిరం వార్త కోసం వచ్చిన విలేకరి కెమెరా మెరిసింది.

కౌన్సిలర్ మళ్లీ మూలిగాడు. ఈసారి నటించలేదు.

మర్నాడు పేపర్లో మొదటి పేజీలోనే పడింది: 'తోడల్లుడి కోసం పరుగెత్తుకొచ్చిన కౌన్సిలర్.' నెలాఖరు దాకా ఆగకుండా, ఆ సాయంత్రానికే చైర్మన్ పదవి కూడా తోడల్లుడి ఇంటికే పరుగెత్తింది.

"మరిది లేకపోతే ఏమైపోయేవాళ్లమండీ!" భార్య ముక్కు చీదింది.

"నాకేమీ కాలేదే!"

"మరి అంతసేపు ఎందుకు మూలిగారు?"

నిజం ఒప్పుకోవడం కంటే అదే నయమని కౌన్సిలర్ వారం రోజులు మంచం మీదే ఉండిపోయాడు. అన్నయ్య కోలుకునేదాకా ఈ వార్డు కూడా తానే చూసుకుంటానన్నాడు తోడల్లుడు.

ఎన్నాళ్లుగానో ఖాళీగా ఉన్న వార్డు ఆరోగ్య కేంద్రానికి ఆ వారంలోనే మందులొచ్చాయి.